మైక్రోవేవ్‌ని వెల్ష్‌లో "పాప్టీ పింగ్" అంటారా, అది వట్టి జోకేనా?

పదాలపిచ్చి:
బ్రిటన్‌లోని వేల్స్ మీద, అక్కడి వెల్ష్ భాష మీద ఏ వీడియో చూసినా ఇదే మాట. పాప్టీ అంటే ఓవెన్, పనయ్యాక పింగ్‌మంటుంది కాబట్టి మైక్రోవేవ్‌కి "పాప్టీ పింగ్" అని పేరట. అక్కడున్నవాళ్ళు చెప్పండి, నిజమేనా?

కార్డిఫ్ కోడలు:
అసలు మాట "మైక్రోడాన్" అండీ. వేవ్ అంటే అల కదా, వెల్ష్‌లో దాన్ని టాన్ అంటారు. మైక్రో పక్కన చేరేసరికి ట కాస్తా డ అయింది. అవును, మన గసడదవాదేశంలాగే! పాప్టీ పింగ్ ఎవరో సరదాకి అల్లింది. దాన్ని పట్టుకుని వెల్ష్ రానివాళ్ళు "ఇదీ ఒక భాషేనా" అని నవ్వుతుంటే ఒళ్ళు మండుతుంది.

గోదారోడు:
ఎవరు అల్లితే ఏంటండీ, జనం వాడితే అది మాటే. ధూమశకటం మన నిఘంటువులో ఉంది. స్టేషన్లో ఎవరైనా అనగా విన్నారా?

కార్డిఫ్ కోడలు:
రైలు అన్నందుకు మనల్ని ఎవరూ వెక్కిరించరుగా. ఇక్కడ జెల్లీఫిష్‌కి "స్లెవ్రెన్ వోర్" అని చక్కటి మాట ఉంది. నెట్లో తిరిగేది మాత్రం "విబ్లీ వోబ్లీ" చేప!

ఉత్తరాది బాబాయ్:
నేనుండేది ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్‌లో. 2021 జనాభా లెక్కల్లో, మూడేళ్ళు నిండినవాళ్ళలో వెల్ష్ మాట్లాడగలిగినవాళ్ళు వేల్స్ మొత్తమ్మీద 17.8 శాతమైతే ఇక్కడ 64.4 శాతం. వెల్ష్‌లోనే బతికే ఇళ్ళలో కూడా పిల్లలతో పాప్టీ పింగ్ అనడం విన్నాను, మైక్రోవేవ్ అనడమూ విన్నాను. అయితే అసలు పాప్టీయే ఉత్తరాది మాట. పాబి అంటే రొట్టె కాల్చడం, టీ అంటే ఇల్లు, రెండూ కలిస్తే పాప్టీ. దక్షిణాన ఓవెన్‌ని "ఫుర్న్" అంటారు. కాబట్టి "వేల్స్ అంతా ఇలాగే అంటారు" అనే వీడియోలు నమ్మకండి.

ఇక అమ్మా కోడలూ, నీ కోపం న్యాయమే, కానీ ఈ మాట మీద కాదు. నవ్వేవాళ్ళు "వెల్ష్‌లో అచ్చులే లేవు" అని కూడా నవ్వుతారు. డబ్ల్యూ, వై అక్షరాలు ఇక్కడ అచ్చులని వాళ్ళకి తెలియదు. పాప్టీ పింగ్ లేకపోతే ఇంకోటి వెతుక్కుంటారు.

గోదారోడు:
బాబాయ్ గారూ, మరి పరీక్షలో ఏది రాయాలి?

కార్డిఫ్ కోడలు:
మైక్రోడాన్. బాబాయ్ గారు కూడా కాదనరు. ఇంట్లో ఏమన్నా మీ ఇష్టం. వీడియో చేసేవాళ్ళు మాత్రం ఈ మాట కూడా చెప్పి తీరాలి.