కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో వీసీయూ మ్యాచ్ రద్దయింది. మిగతా టోర్నమెంట్ ఆడించాలా, ఆపేయాలా?

డౌన్‌టౌన్ ఇండీ | 2021 మార్చి 21, ఆదివారం ఉదయం

నిన్న రాత్రి ఇండియానాపోలిస్‌లో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీకీ (వీసీయూ) ఆరెగన్ యూనివర్సిటీకీ జరగాల్సిన మొదటి రౌండ్ మ్యాచ్‌ని కొన్ని గంటల ముందు రద్దు చేశారు. వీసీయూ జట్టులో కొంతమందికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. ఆరెగన్ బంతి ముట్టుకోకుండానే రెండో రౌండ్‌కి వెళ్లిపోయింది. ఇక మిగతాది ఆడించాలా వద్దా?

మా ఆఫీసు డౌన్‌టౌన్‌లోనే. జేడబ్ల్యూ మారియట్ అద్దాల గోడ నిండా 68 జట్ల బ్రాకెట్, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక, అతికించారు. పక్కన స్కైవాక్‌లో పొడుగాటి కుర్రాళ్లు మాస్కులు పెట్టుకుని కన్వెన్షన్ సెంటర్‌కి ప్రాక్టీసుకి వెళ్తూ కనిపిస్తారు. ఇక్కడికి రావడానికి వరసగా ఏడు రోజులు నెగటివ్ రావాలి. వచ్చాక రోజూ టెస్ట్, గదికి ఒక్కరే. ఆరుబయట కాసేపు తిరగాలంటే విక్టరీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం ఒక్కటే. ఇంత చేసినా వైరస్ లోపలికి వచ్చింది.

నా మట్టుకు నేను ఆడించాలనే అంటాను. నన్ను బాధ పెడుతున్నది వేరే. కాలేజీ క్రీడలు నడిపే ఎన్సీఏఏకి ఈ టోర్నమెంట్ మీద ఏడాదికి 80 కోట్ల డాలర్లకు పైగా టీవీ డబ్బు వస్తుంది. ఆడే కుర్రాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప జీతం లేదు. ఆడాలా వద్దా అన్న నిర్ణయంలో వాళ్లకు ఓటూ లేదు. మిషిగన్ ఆటగాడు ఐజయా లివర్స్ నిన్న 'మేం ఎన్సీఏఏ సొత్తు కాదు' అన్న నినాదం రాసిన చొక్కాతో వచ్చాడు. ముందు అతని మాట వినాలి.

నైట్ డ్యూటీ

ఆపేయాలి. నేను టెక్సస్‌లో ఐసీయూ నర్సుని. జనవరిలో ఇంటి నుంచి తీసుకెళ్లిన పెరుగన్నం డబ్బా వరసగా మూడు రాత్రులు మూత తీయకుండానే వెనక్కి తెచ్చాను. కూర్చునే తీరిక లేదు. దేశంలో చనిపోయినవాళ్లు పోయిన నెలలోనే 5 లక్షలు దాటారు.

మీరు చెప్పిన టెస్టులు, గదులు అన్నీ ఆటగాళ్లకే కదా. స్టేడియంలో 25 శాతం జనాన్ని కూర్చోబెడుతున్నారు, వాళ్లకు ఎవరు టెస్ట్ చేశారు? ఆట అయ్యాక వాళ్లు బార్లకు వెళ్తారు, ఆ తర్వాత ఇళ్లకు, అమ్మానాన్నల దగ్గరకు. ఆ కేసులు రెండు వారాల తర్వాత ఎక్కడో ఇంకో ఊళ్లో మాలాంటి వాళ్ల ముందుకొస్తాయి. వాటిని టోర్నమెంట్ ఖాతాలో ఎవరూ రాయరు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఈ ఏడాది సీజన్ మొత్తం మానేశాయి. అంటే మానేయడం సాధ్యమేనని అర్థం.

ఫ్లయర్ 29

అక్కా, మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు. కానీ ఆపేస్తే ఎలా ఉంటుందో పోయినేడు చూశాను, అది చెప్తాను.

నేను ఒహాయోలోని డేటన్ యూనివర్సిటీలో (యూడీ) ఎమ్మెస్ చేశాను. 2020 మార్చి 7న ఆఖరి హోమ్ మ్యాచ్‌కి యూడీ అరీనాలో పై వరసలో నిలబడి అరిచీ అరిచీ గొంతు పోయింది. ఆ సీజన్‌లో మా జట్టుకి 29 గెలుపులు, 2 ఓటములు. కాలేజీ చరిత్రలో అలాంటి జట్టు మళ్లీ వస్తుందో రాదో. సరిగ్గా అయిదు రోజులకు, మార్చి 12న, టోర్నమెంట్ మొత్తం రద్దన్నారు. 1939లో మొదలైన దగ్గర్నుంచి ఆగడం అదే మొదటిసారి. అమ్మాయిల్లో నంబర్ వన్‌గా ఉన్న సౌత్ కరోలైనాకీ అదే గతి, 32 గెలిచి ఒక్కటే ఓడిన జట్టు అది.

అప్పుడు ఆపడం తప్పని నేను అనను. రోగం గురించి ఎవరికీ ఏమీ తెలీదు, టెస్టులు లేవు. కానీ ఆ తర్వాత చేసింది మాత్రం అన్యాయం. స్ప్రింగ్ సీజన్ ఆటల వాళ్లకు ఇంకో ఏడాది ఆడే అవకాశం ఇచ్చారు, బాస్కెట్‌బాల్ సీనియర్లకు, అంటే ఆఖరి ఏడాది వాళ్లకు, ఇవ్వలేదు. మా స్టార్ ఒబి టాపిన్‌కి ప్రొఫెషనల్ లీగ్ ఎన్బీఏ ఉంది, వెళ్లిపోయాడు. మా సీనియర్లు ట్రే లాండర్స్, రయన్ మైక్‌సెల్‌లకు కాలేజీ ఆట అక్కడితో సరి. ఈసారి ఆడేవాళ్లందరికీ అదనపు ఏడాది ఇస్తామని ముందే చెప్పారు. కాబట్టి వీసీయూ సీనియర్లకు కనీసం ఆ దారి ఉంది.

సన్నీవేల్ నాన్న

అందరూ అబ్బాయిల టోర్నమెంట్ గురించే మాట్లాడుతున్నారు. శాన్ ఆంటోనియోలో అమ్మాయిలదీ నడుస్తోంది కదండీ.

మా అమ్మాయి హైస్కూల్ జట్టులో ఆడుతుంది, స్టాన్‌ఫర్డ్ అంటే ప్రాణం. నవంబరు చివర్లో స్టాన్‌ఫర్డ్ ఉన్న మా సాంటా క్లారా కౌంటీ కాంటాక్ట్ స్పోర్ట్స్ (ఒకరికొకరు తగిలే ఆటలు) ఆపేయడంతో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు రెండు నెలలకు పైగా సూట్‌కేసులతో హోటళ్లలో బతికారు. లాస్ వేగస్‌లో కొన్నాళ్లు, శాంటా క్రూజ్‌లో కొన్నాళ్లు. ఇంత ఓర్చుకుని వస్తే అబ్బాయిలకు రోజూ ఎక్కువ కచ్చితమైన పీసీఆర్ టెస్ట్, వీళ్లకు రోజూ అంత కచ్చితం కాని యాంటిజెన్ టెస్ట్. జిమ్ పేరుతో ఒక చిన్న డంబెల్స్ స్టాండు పెట్టారు. చోటు లేదన్నారు. ఆరెగన్ అమ్మాయి సెడోనా ప్రిన్స్ ఖాళీగా ఉన్న హాలంతా వీడియో తీసి పెట్టాక నిన్న సామాను దించారు. మా పిల్ల ఆ వీడియో చూసి "నాన్నా, మేం అంతేనా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

ఆడించండి. కానీ జాగ్రత్తలైనా ఇద్దరికీ ఒకేలా ఉండాలి.

నైట్ డ్యూటీ

టెస్ట్ సంగతి నాకు తెలీదు. వినగానే ఒళ్లు మండింది. ఒకే సంస్థ, ఒకే రోగం.

ఫ్లయర్ తమ్ముడూ, డేటన్ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అదనపు ఏడాది ఇవ్వగలిగినప్పుడు ఈ ఏడాది ఆపడం ఇంకా తేలిక కదా? డబ్బు వల్లే ఆపట్లేదు.

ఫ్లయర్ 29

డబ్బు నిజమే అక్కా. పోయినేడు ఎన్సీఏఏ కాలేజీలకు పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు తగ్గాయి. చాలా కాలేజీల్లో స్విమ్మింగ్, టెన్నిస్ లాంటి జట్లు ఎత్తేశారు. ఆ దెబ్బ కూడా పిల్లలకే తగిలింది.

డౌన్‌టౌన్ ఇండీ

నైట్ డ్యూటీ గారూ, ప్రేక్షకుల విషయంలో మీ మాటే రైటు. ఆటగాళ్లకు అంత కాపలా పెట్టి, జనానికి తలుపులు తీయడంలో అర్థం లేదు. అక్కడ నా అభిప్రాయం మార్చుకుంటున్నా. సోమవారం మ్యాచ్‌కి నా దగ్గర టికెట్ ఉంది, వెళ్లను. ఆరెగన్, అయోవా ఆట ఇంట్లో టీవీలోనే చూస్తాను.

ఆపేయాలని మాత్రం ఇప్పటికీ అనలేను. ఆపాలంటే ఆ మాట స్కైవాక్‌లో నడిచే కుర్రాళ్ల నుంచి రావాలి. ఒక్కో జట్టూ లోపల ఓటేసుకుని చెప్పమనండి, దానికి నేను ఒప్పుకుంటాను.