రోగి జబ్బు వివరాలు 108 సిబ్బందికి ముందే చెప్పాలా?

ప్రశ్న:
మా తమ్ముడు 108 వాహనంలో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే సిబ్బందిగా పనిచేస్తున్నాడు. ప్రమాదంలో గాయపడిన ఒకరికి కదులుతున్న బండిలో సెలైన్ ఎక్కిస్తుండగా సూది తమ్ముడి వేలికి గుచ్చుకుంది. ఆ రోగికి హెచ్‌ఐవీ ఉన్నదా అని అడిగితే ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ప్రాణం పోయడానికి వెళ్లేవారికి, కాల్ వచ్చినప్పుడే రోగి అంటువ్యాధుల వివరాలు తెలియజేయడం న్యాయం కాదా?

సమాధానం:
మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. నేను హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసినదాన్ని. అయినా ముందే చెప్పే పద్ధతిని ఒప్పుకోలేను. హెచ్‌ఐవీ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు కూడా దొరకదు, సోకినవారిలో ఎందరికో ఆ సంగతే తెలియదు. కాబట్టి ఫోనులో ఏ జబ్బూ చెప్పలేదన్న ధీమాతో గ్లౌజులు పక్కన పెట్టిన రోజునే సిబ్బందికి అసలు ముప్పు. పల్లెలో 108 ఆగితే వీధి వీధంతా చుట్టూ చేరుతుంది. అక్కడ జబ్బు పేరు ఒక్కసారి బయటపడితే ఆ కుటుంబం ఊళ్లో తలెత్తుకోలేదు, మరొకరు ఆ భయంతో ఫోనే చేయరు.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఆ రోగి చికిత్సకు అవసరమైనప్పుడు వైద్యసేవ అందించే ఒకరు, ఆ రోగికి వైద్యసేవ చేస్తున్న మరొకరికి సమ్మతి లేకుండానే చెప్పవచ్చు. అదే చట్టం రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకున్నాక ఇవ్వవలసిన మందుల బాధ్యతను యాజమాన్యంపై పెట్టింది. ఆ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రోగి ఫలితం కోసం ఆగనక్కరలేదు. మీ తమ్ముడికి ఆ రాత్రే మందులు ఇచ్చారా? ఇవ్వకపోతే అన్యాయం అక్కడ జరిగింది.

ప్రశ్నించినవారు:
మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారండీ. కానీ సూదిని గ్లౌజు ఆపదు కదా. పైగా క్షయ ఉన్నవారిని మూసిన బండిలో గంటసేపు తీసుకువెళ్తారు.

సమాధానం:
క్షయ విషయంలో మీ మాటే సరైనది, అయితే అక్కడ కూడా జబ్బు పేరు అక్కరలేదు, "ఎన్95 మాస్కు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి" అన్న సూచన చాలు. సూది గుచ్చుకున్నాక మాత్రం తెలుసుకునే హక్కు సిబ్బందికి ఉండాలి. అమెరికాలో 1990 నాటి ర్యాన్ వైట్ చట్టం ఆ దారి చూపింది: సిబ్బంది తరఫున నియమితుడైన అధికారి అడిగితే, ఆసుపత్రి రోగి పేరు చెప్పకుండా 48 గంటల్లోగా జవాబివ్వాలి. మనకూ అటువంటి నిబంధన కావాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇంకొక్క మాట. సూది ద్వారా హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతమైతే, టీకా లేనివారికి హెపటైటిస్ బి 30 శాతం వరకు సోకవచ్చు. మీ తమ్ముడు ఆ టీకా మూడు మోతాదులూ వేయించుకున్నారా?

ప్రశ్నించినవారు:
ఇప్పుడే అడిగానండీ. ఉద్యోగంలో చేరినప్పుడు ఒకటే వేశారట.