కైనేజ్‌ను ‘ప్రేరకం’ అనొచ్చా?

హైదరాబాద్‌లో బీఎస్సీ చదివే మా మేనకోడలు కణ విభజన మీద తెలుగులో వ్యాసం రాస్తూ ‘ప్రొటీన్ కైనేజ్’ని ‘ప్రొటీన్ ప్రేరకం’ అంది. గ్రీకులో ‘కదిలించు’ అనే మాట నుంచి వచ్చిందట, కాబట్టి సరే అన్నాను. రాత్రి మళ్లీ అనుమానం వచ్చింది. ఇది చేసే పని ఒక్కటే కదా: కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని మరో ప్రొటీన్‌కు అంటించడం. అలా అంటిస్తే అవతలిది కదులుతుందనే భరోసా ఉందా? నాకైతే ‘బొట్టు పెట్టి పిలవడం’ గుర్తొచ్చింది. బొట్టు పెడితేనే కొందరు పనిలోకి వస్తారు!

జవాబు: బొట్టు బాగుందండీ. కణం రెండుగా చీలే ముందు సీడీకే1 అనే కైనేజ్ పెట్టే బొట్లు అలాంటివే. కేంద్రకం పొర లోపలి అల్లికలో ఉండే లామిన్లు అనే ప్రొటీన్లకు పెడితే ఆ అల్లిక విడిపోతుంది, పొర కరిగిపోతుంది. కానీ ‘వీ1’ సంగతేమిటి? అదీ కైనేజే. అది సీడీకే1కి బొట్టు పెడితే సీడీకే1 పని ఆగిపోతుంది. దాన్ని ప్రేరకం అంటే ఎలా?

ఆ పేరు కథ కూడా వినండి. స్కాట్లాండ్ వాడుకలో ‘వీ’ అంటే బుల్లి. 1970లలో ఎడిన్‌బరోలో పాల్ నర్స్ అనే శాస్త్రవేత్త ఈస్ట్ కణాలు చూస్తుంటే కొన్ని సరిగా ఎదగకముందే చీలిపోతూ బుల్లిగా కనిపించాయి. ఆపే వీ1 పనిచేయక తొందరపడ్డాయన్నమాట. మనమైతే ‘పిట్ట1’ అని పెట్టేవాళ్లమేమో.

నేను: అంటే ఇక్కడ బొట్టు చెరిపితేనే పని మొదలవుతుందా? మన ఇళ్లలో ఆ మాట అనలేం!

జవాబు: అంతే. చెరిపేది సీడీసీ25, అది ఫాస్ఫటేజ్, అంటే ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైము. మీ పోలిక అక్కడ తెగిపోయింది.

ఇంకొకరు: సీడీకే పూర్తి పేరు ‘సైక్లిన్ ఆధారిత కైనేజ్’లో ‘ఆధారిత’ మాత్రం అతికినట్టుంది. సైక్లిన్ అనే ప్రొటీన్ జత కలవకపోతే సీడీకే చేతులు కట్టుకు కూర్చుంటుంది. 1982లో టిమ్ హంట్ అనే శాస్త్రవేత్త సముద్రపు అర్చిన్ (ఒంటినిండా ముళ్లుండే సముద్రజీవి) గుడ్లలో చూసింది ఈ సైక్లిన్‌నే. మెల్లగా పోగవుతుంది, విభజన జరిగే వేళకు ఒక్కసారిగా మాయమవుతుంది, మళ్లీ పోగవుతుంది. 2001 నోబెల్ హంట్, నర్స్, మరో శాస్త్రవేత్త హార్ట్‌వెల్ ముగ్గురికీ వచ్చింది. ఇక ‘ప్రేరకం’ అంటే పక్కనే ‘ఉత్ప్రేరకం’ ఉంది, పిల్లలు రెండూ కలిపేస్తారు. మనిషిలో కైనేజులు 500కు పైనే. కొన్ని తోస్తాయి, కొన్ని ఆపుతాయి. కైనేజ్ అనే ఉంచండి. ఎంజైమును ఎంజైమనే అంటున్నాం కదా.

నేను: చెప్పాను. ‘కైనేజ్’ అని రాసి, పక్కన ‘ఫాస్ఫేట్ అంటించే ఎంజైము’ అని పెట్టింది. బొట్టు వాక్యం మాత్రం మార్కులు పోతాయని కొట్టేసింది.