అప్‌డేట్: అమ్మకు తుంటి ఆపరేషన్ అయింది, నర్వ్ బ్లాక్ ఇప్పించాం

అమ్మకు తుంటి ఎముక విరిగింది, నొప్పికి నర్వ్ బ్లాక్ (నరాల దగ్గర మందు వేసి ఆ భాగంలో నొప్పి తెలియకుండా చేయడం) మంచిదేనా అని ఇంతకుముందు అడిగాను. ఇప్పించాం. మత్తు డాక్టర్ అందులో పెంగ్ (PENG) బ్లాక్ అనే రకం ఎంచుకున్నారు. 2018లో వెలుగులోకి వచ్చిన పద్ధతి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, తుంటి కీలు ముందు భాగానికి వెళ్లే సన్నని నరాల దగ్గర మందు వేస్తారు. తొడ కండరాల బలం చాలావరకు అలాగే ఉంటుంది, అందుకే మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. వెన్నులో మత్తు ఇవ్వడానికి కూర్చోబెట్టే ముందే బ్లాక్ వేయడం అన్నిటికన్నా మేలు చేసింది. కూర్చోబెట్టేటప్పుడు అమ్మ ఒక్కసారి కూడా అరవలేదు, నాకు అదే పెద్ద ఊరట.

అయితే కుట్ల దగ్గర చర్మం నొప్పిని ఇది ఆపదు. బ్లాక్ దిగిపోయేలోపే పారాసిటమాల్ పడేలా గట్టిగా అడగండి. వార్డులో ఆలస్యం చేశారు, ఆ రాత్రి అమ్మ చాలా బాధపడింది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.