జీరో ఫెస్టివల్‌కి పవర్ బ్యాంక్ ఏది తీసుకోవాలి?

సెప్టెంబర్ ఆఖర్లో అరుణాచల్‌లో జరిగే జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి హైదరాబాద్ నుంచి ముగ్గురం వెళ్తున్నాం. గువాహటి దాకా ఫ్లైట్, అక్కడి నుంచి నాహర్‌లగున్‌కి రైలు, ఆపైన షేర్ సుమో. ఉండేది టెంట్లో. అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ పని అయిపోయింది, ఇక మిగిలింది ఛార్జింగ్ గొడవే.

మూడు ఫోన్లు, ఒక కెమెరా, ఒక హెడ్‌ల్యాంప్. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74 వాట్ అవర్స్, ఫ్లైట్‌లో 100 లోపు కాబట్టి క్యాబిన్ బ్యాగులో పెట్టుకోవచ్చు. కానీ అందులోంచి నిజంగా ఫోన్‌కి చేరేది మూడింట రెండొంతులే కదా. 5,000 బ్యాటరీ ఫోన్ రెండున్నర సార్లు నిండితే గొప్ప. అందుకే ఒక పెద్దది కొనాలా, మనిషికో 10,000ది కొనాలా అన్నది తేలట్లేదు. నాకైతే చిన్నవే నయమనిపిస్తోంది, ఒకటి తడిసినా మిగతావి ఉంటాయి. మా తమ్ముడేమో సోలార్ ప్యానెల్ అంటున్నాడు. ఆ వానల్లో ఎండ ఎక్కడిది బాబూ!

మా హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో చవగ్గా దొరుకుతున్నాయి గానీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేనివి ముట్టుకోవాలంటే భయం. అక్కడ నమ్మకంగా కొన్నవాళ్లున్నారా? క్యాంపుల దగ్గర డబ్బులిచ్చి ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటుందా? సిగ్నల్ అందని చోట ఫ్లైట్ మోడ్‌లో పెడతాం, అది తెలుసు.

ఇంకోటి, గమ్‌బూట్లు ఇక్కడి నుంచే మోసుకెళ్లాలా, అక్కడ కొనుక్కోవచ్చా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.