పుస్తకం చదివి స్క్రీన్‌ప్లే నేర్చుకుంటున్నవారి అనుభవాలు: రెండవ అంకం దగ్గర కథ ఎందుకు ఆగిపోతుంది?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఎవరి దగ్గరా శిష్యరికం చేసే అవకాశం లేక, పుస్తకం చదివి స్క్రీన్‌ప్లే రచన నేర్చుకుంటున్నవారి అనుభవాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నేను చదువుతున్నది అమెరికన్ స్క్రీన్‌ప్లే బోధకుడు సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన పుస్తకం. సినిమా కథను మూడు అంకాలుగా విభజించి, 120 పేజీల స్క్రిప్టులో మొదటి అంకానికి 30, రెండవదానికి 60, మూడవదానికి 30 పేజీలు కేటాయించాలని, 25-27 పేజీల దగ్గర కథను మలుపు తిప్పే సంఘటన ఒకటి, 85-90 పేజీల మధ్య మరొకటి ఉండాలని ఆయన అంటారు.

నా కథ కోసిగి వైపు పల్లెది. అక్కడి కుటుంబాలు పంటలు అయిపోగానే మిరపకాయల కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్తాయి. పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, తల్లిదండ్రులతో వెళ్లి పసివాడైన తమ్ముణ్ణి చూసుకోవాలో, మార్చి పరీక్షల కోసం ఊళ్లోనే ఆగాలో తేల్చుకోవలసి వస్తుంది. ఆగిపోతానని ఆమె చెప్పడం నా మొదటి మలుపు. పరీక్ష రాయడం ముగింపు. ఈ రెండింటి మధ్య 60 పేజీలు ఎలా నింపాలో తెలియడం లేదు. ఇప్పుడు రాసుకున్న సన్నివేశాలన్నీ ఆమె కష్టాల చిత్రణలే తప్ప వాటిలో కథ లేదు. ఈ స్థితిని దాటినవారు దయచేసి చెప్పండి.

పెన్నేటి పాఠకుడు (తాడిపత్రి)

మీ ఇతివృత్తం చాలా బలమైనది, దాన్ని వదలకండి. ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం అన్న సూత్రం మీద ఆ లెక్కంతా నిలబడి ఉంది. ఆ సూత్రం అమెరికాలో వాడే కాగితం కొలతకు, కొరియర్ అనే అక్షరాల 12 పాయింట్ల పరిమాణానికి, సంభాషణను పేజీ మధ్యలో సన్నగా టైపు చేసే పద్ధతికి సంబంధించినది. మన రచయితలు చాలాకాలంగా పేజీని నిలువుగా రెండుగా చేసి, ఎడమవైపు దృశ్యాన్ని, కుడివైపు సంభాషణను రాస్తూ వచ్చారు. చేతివ్రాతలో అలా రాసిన పేజీకి ఆ నిమిషం లెక్క వర్తించదు. కనుక పేజీలు కాకుండా నిమిషాలు లెక్కపెట్టండి. సన్నివేశాన్ని నటిస్తున్నట్టుగా, మౌనాలతో సహా పైకి చదివి, గడియారం చూసి, ఎంత పట్టిందో పక్కన రాసుకోండి.

మా ప్రాంతంలో పుట్టిన కె.వి.రెడ్డి గారు చిత్రీకరణకు వెళ్లకముందే స్క్రిప్టు మొత్తానికి ఇలా సమయం లెక్కకట్టుకునేవారని ప్రసిద్ధి. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తిరిగే ఆ రోజుల్లో ఆ లెక్క నేరుగా ఖర్చుకు సంబంధించినది. ఆయన తీసిన మాయాబజార్ (1957) కథాకల్పన నేర్చుకునేవారికి నేటికీ పాఠ్యగ్రంథమే అని నా నమ్మకం. మహాభారత పాత్రలతో నడిచే ఆ కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరు. ఎవరిని చూపించకూడదో తేల్చుకోవడం కూడా నిర్మాణంలో భాగమే. అలాగే, ఎక్కినవారి చేత నిజం పలికించే సత్యపీఠాన్ని ముందే పరిచయం చేసి, చివర శకునిని దానిమీదికి ఎక్కించారు. ముందే నాటిన వస్తువు చివర పనికివచ్చినందువల్లే ఆ ముగింపు అతికించినట్టు అనిపించదు.

ఇంకొక మాట. ఆ పుస్తకంలోని రెండవ అంకానికి మధ్యలో విరామం లేదు, మనకు ఉంది. ఆ 60 నిమిషాలను రెండు ముప్పైలుగా చూసుకుని, విరామం దగ్గర అమ్మాయి పరిస్థితి తలకిందులయ్యే ఘట్టం ఏదో ముందుగా నిర్ణయించుకుంటే మీ భారం సగం తగ్గుతుంది.

గ్రంథాలయం మెట్లు (కడప)

నేను తెలుగు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, సినిమా రచయితను కాను. అయినా ఈ ప్రశ్నకు మన లక్షణ గ్రంథాల్లో సూటిగా పనికివచ్చే సమాధానం ఉంది. నాట్యశాస్త్రం రూపకంలోని, అంటే నాటకంలోని, కథను ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే ఐదు సంధులుగా చెబుతుంది. ముఖసంధిలో బీజం, అంటే కథ మొలకెత్తే విత్తనం, పడుతుంది, ప్రతిముఖంలో అది కొంత కనిపించీ కొంత కనిపించక పెరుగుతుంది. మీకు కావలసింది గర్భసంధి. కనిపించి చేజారిన బీజాన్ని మళ్లీ మళ్లీ వెతకడమే గర్భసంధి అని పదవ శతాబ్దపు ధనంజయుడు దశరూపకంలో నిర్వచించాడు.

ఈ నిర్వచనాన్ని మీ కథకు అన్వయించి చూడండి. ఆమె కోరిక మీరు ముందే చెప్పేశారు, కానీ అది నెరవేరబోతున్నట్టు ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆశ చేతికి అందినట్టే అంది జారిపోవాలి, ఆమె మరో దారిలో దాన్ని వెతకాలి, అదీ జారాలి. జారిన ప్రతిసారీ ఆమె గురించి మనకు కొత్త సంగతి ఒకటి తెలియాలి. కష్టాలు ఎన్ని పేర్చినా కథ కాకపోవడానికి కారణం, కష్టం ఆమెకు జరిగేది కావడం, వెతుకులాట ఆమె చేసేది కావడం. నాయకుడి పనికి శాస్త్రం చెప్పిన ఐదు అవస్థల్లో రెండవది ప్రయత్నం, మూడవది ప్రాప్త్యాశ. అంటే ఫలం దక్కుతుందన్న ఆశ పుట్టడానికి ముందు మనిషి పూనుకోవాలి. మీ సన్నివేశాల్లో లోపించినది ఆ పూనిక అని నా అభిప్రాయం.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దాన్ని చేతిపనిగా మార్చుకునే పద్ధతి ఒకటి చెబుతాను. పరిశ్రమలో వన్‌లైన్ ఆర్డర్ అంటారు. ప్రతి సన్నివేశాన్ని ఒకే వాక్యంలో, ఒక్కొక్క అట్టముక్క మీద రాసి నేలమీద వరుసగా పరచండి. పక్కపక్కన ఉన్న రెండు ముక్కల మధ్య 'అందువల్ల' గానీ 'అయితే' గానీ పెట్టి చదవండి. ఆ రెండూ కుదరక 'ఆ తరువాత' మాత్రమే కుదిరిన చోట కథ తెగిందని గుర్తు. మేము తీసే లఘుచిత్రాలన్నిటికీ ఈ పరీక్ష పెడతాం. దీనివల్ల ఎంతో ఇష్టపడి రాసుకున్న సన్నివేశాలు కూడా పక్కకు పోతాయి, అందుకు సిద్ధపడాలి.

ఈ పుస్తకాలు సంఘర్షణ అనే మాటను పదేపదే వాడతాయి. సీమ కథ అనగానే దాన్ని కత్తులు, బాంబులుగా అర్థం చేసుకునే అలవాటు మనవారికే బలంగా పాతుకుపోయింది. మీరు ఆ దారిన వెళ్లనందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. తల్లి కూతురిని ప్రేమిస్తూనే కూలికి రమ్మని అడగడం కంటే పెద్ద సంఘర్షణ ఏముంటుంది? తల్లికి కూడా బలమైన కారణం ఇవ్వండి. పిల్లవాణ్ణి చేలో గట్టు మీద ఒంటరిగా వదలలేకపోవడం న్యాయమైన కారణమే కదా.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారి మాట చదివాక దారి కనిపించింది. వలస కుటుంబాల పిల్లల కోసం మా జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడిపారు. అలాంటి చోట తమ్ముడికి చోటు దొరికితే తల్లికి బెంగ ఉండదు, అమ్మాయి చదువు సాగుతుంది. ఇది మొదటి ఆశ. దానికోసం ఆమే ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్లి అడుగుతుంది, అందువల్ల చోటు దొరుకుతుంది. అయితే తమ్ముడు అక్కడ ఉండలేక రాత్రిపూట పారిపోతాడు. విరామం అక్కడే. ఆ తరువాత ఆమె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పుస్తకాలతో సహా తానే గుంటూరు వైపు బయలుదేరుతుంది. నేను ఊళ్లోనే ముగుస్తుందనుకున్న కథ మిరప చేలలోకి వెళ్తోంది. పరీక్షకు ఆమె సమయానికి తిరిగి రాగలదా అన్నది ఇప్పుడు చివరి 30 నిమిషాల ప్రశ్న అవుతుంది.

మరొక సందేహం. స్క్రిప్టులో మా యాసను ఎంతవరకు రాయాలి? ఈ విషయంలో పుస్తకం సహాయపడదు.

కోట వీధి (ఆదోని)

దృశ్య వర్ణనను అందరికీ అర్థమయ్యే వ్యావహారికంలో రాయండి, ఎందుకంటే ఆ భాగం చదివేది ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, నిర్మాత. సంభాషణను మాత్రం పాత్ర పలికినట్టే రాయండి. సీమ యాస ఒక్కటే అనుకోవద్దు. కడప వైపు 'పోతాండావు' అన్నది ఎంత సహజమో, మా వైపు మాటల్లో కన్నడం కలవడం అంత సహజం. మీ కథలో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. గుంటూరు చేలలో మేస్త్రీ మాట, రైతు మాట వేరుగా వినిపిస్తాయి. పిల్ల మొదట ఆ మాటకు బెదిరి, చివరికి కూలి లెక్క దగ్గర అదే మాటలో బదులు చెప్పిందంటే, ఆమె ఎంత మారిందో వేరే సంభాషణ లేకుండా తెలుస్తుంది. కోసిగిలో సుగ్గికి వెళ్లివచ్చినవారితో మాట్లాడి, వారి అనుమతితో ఆ మాటలు రికార్డు చేసుకుని రాయండి. సంక్రాంతికి కొందరు ఊరికి వస్తారు, అప్పుడు కలవడం తేలిక.