'మెడియా' చివర్లో ఆ రథం కథలోంచి వచ్చిందా, పైనుంచి ఊడిపడిందా?

లెక్కలమాస్టారు (రాత్రి 8:40)
గ్రీకు విషాద నాటకాల మీద ఇక్కడ పొగడ్తలు ఎక్కువయ్యాయి కాబట్టి ఒక పేచీ పెడుతున్నాను. యూరిపిడిస్ 'మెడియా', క్రీ.పూ. 431లో ఏథెన్స్‌లో ఆడారు. చదవనివాళ్ళ కోసం కథ: జేసన్‌ని నమ్మి పుట్టినదేశాన్ని వదిలి, తోడబుట్టినవాణ్ణి కూడా చంపి వచ్చింది మెడియా. కోరింత్ చేరాక అతను ఈమెను వదిలేసి రాజు క్రేయోన్ కూతుర్ని చేసుకుంటాడు. రాజేమో పిల్లల్ని తీసుకుని దేశం విడిచి పొమ్మంటాడు. ఈమె ఒక్కరోజు గడువు అడుక్కుంటుంది. ఆ రోజులోనే విషం పూసిన వస్త్రం, కిరీటం కానుకగా పంపి పెళ్ళికూతుర్నీ రాజునీ చంపుతుంది. తర్వాత కన్నకొడుకులిద్దరినీ తన చేత్తోనే చంపుతుంది. జేసన్ వచ్చి తలుపు బాదుతుంటే పైన రథంలో కనిపిస్తుంది. తాత సూర్యుడు పంపాడట. ఎక్కి ఏథెన్స్ వెళ్ళిపోతుంది.

ఇదేం ముగింపండీ? కథలో పడిన ముడి కథలోంచే విడాలి, 'మెడియా'లోలాగా యంత్రంతో (నటుల్ని స్టేజీ పైకెత్తి చూపే క్రేన్ లాంటిది) కాదు అని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటకకళ మీద రాసిన 'పొయెటిక్స్' 15వ అధ్యాయంలో పేరుపెట్టి మరీ తప్పుబట్టాడు. ఆయన మాటకి జవాబున్నవాళ్ళు చెప్పండి.

పాతబస్తీ రైడర్ (8:52)
దేవుడి మనవరాలు, రథం వస్తే వింతేముంది? పుష్పకవిమానం గురించి ఎవరైనా లాజిక్ అడిగారా మాస్టారూ?

వేపచెట్టు (9:15)
మాస్టారూ, నాటకం దగ్గర పెట్టుకుని మాట్లాడదాం. సూర్యుడు చివర్లో ఊడిపడలేదు. మొదట్లోనే తను సూర్యుడి వంశమని తనకు తాను గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకుంటుంది. ఏథెన్స్ రాజు ఈజియస్ చేత భూమి మీదా సూర్యుడి మీదా ఒట్టు వేయించుకుంటుంది. ఆ విషపు వస్త్రం కూడా సూర్యుడు తన సంతతికి ఇచ్చినదే. పిల్లల్ని చంపడానికి లోపలికి వెళ్ళగానే కోరస్‌లోని (నాటకంలో పాడుతూ వ్యాఖ్యానించే బృందం) కోరింత్ ఆడవాళ్ళు "సూర్యుడా, ఆపు" అని మొక్కుతారు. ఆయన ఆపడు సరికదా, రథం పంపుతాడు. ఇంతకన్నా ఏం సిద్ధం చేయాలి?

ఇంకొకటి. ఈజియస్ ఆశ్రయం ఇస్తానంటాడు కానీ "కోరింత్ నుంచి నేను తీసుకెళ్ళను, నీ అంతట నువ్వు నా ఇంటికి చేరుకో" అని షరతు పెడతాడు. ఎలా బయటపడుతుందన్న ప్రశ్న నాటకం మధ్యలోనే రచయిత మన ముందు పెట్టాడు. రథం దానికి జవాబు.

లెక్కలమాస్టారు (9:31)
ప్రస్తావన వేరు, కారణం వేరు. తాతగారి పేరు నాలుగుసార్లు తలుచుకున్నంత మాత్రాన ఆయన బండి పంపించడానికి కారణం పుట్టదు. ఈమె రథం కావాలని అడిగిందా? ఆయన ఇస్తానన్నాడా? ప్రశ్న మనుషుల మధ్య వేసినప్పుడు జవాబూ మనుషుల చేతే ఇప్పించాలి. ఆ ఈజియస్ వ్యవహారం కూడా అంతే. పిల్లల్లేక డెల్ఫీ గుడికి జోస్యం అడగడానికి వెళ్ళి, దారిన పోతూ సరిగ్గా ఈమెకి అవసరమైన వేళకి తగులుతాడు. అరిస్టాటిల్ 25వ అధ్యాయంలో దాన్నీ వదల్లేదు.

నా అనుభవం చెప్తాను. ఒకప్పుడు ఒక పరిషత్తు పోటీకి నాటిక రాశాను. అప్పుల్లో మునిగిన రైతు కథ. చివర్లో దుబాయ్‌లో ఉన్న అన్న డబ్బు పంపుతాడు. "ముగింపు ఆకాశం నుంచి పడింది" అని జడ్జీలు మార్కులు కోశారు. అన్న దుబాయ్‌లో ఉన్నాడని మొదటి సీన్‌లోనే చెప్పించాను! నాకొక రూలు, యూరిపిడిస్‌కి ఒక రూలా?

అర్ధరాత్రి చాయ్ (9:36)
రూలు ఒకటే మాస్టారూ. ఆయనకీ మూడో స్థానమే వచ్చింది. పోటీలో ఉన్నది ముగ్గురే. మొదటిది ఎస్కిలస్ కొడుకు యుఫోరియన్‌కి, రెండోది సోఫొక్లిస్‌కి.

లెక్కలమాస్టారు (9:38)
చూశారా! ఆనాటి జడ్జీలకి కూడా తెలుసు.

వేపచెట్టు (9:50)
ఆ లెక్క నిలవదు. ఒక్కొక్కరు నాలుగేసి నాటకాలు కట్టేవారు, బహుమతి మొత్తానికి. మిగతా మూడూ మనకి మిగల్లేదు, కాబట్టి ఓడింది రథం వల్లే అని ఎలా అంటారు? పైగా మూడేళ్ళకే, 428లో, అదే యూరిపిడిస్‌కి 'హిప్పొలిటస్'తో మొదటి బహుమతి వచ్చింది. దాని చివర్లో సాక్షాత్తూ ఆర్టెమిస్ దేవత దిగుతుంది. సోఫొక్లిస్ 409లో 'ఫిలొక్టెటిస్' చివర దేవుడైపోయిన వీరుడు హెరాక్లిస్‌ని దింపి, చిక్కుపడ్డ కథని ఒక్క ఆజ్ఞతో మళ్ళించాడు. దానికీ మొదటి బహుమతే. మీ అరిస్టాటిల్ పుట్టిందే 384లో.

శిల్పరేఖ (9:58)
చిన్న సవరణ. రథానికి పాములు కట్టి ఉన్నట్టు చాలామంది రాస్తారు. యూరిపిడిస్ పద్యాల్లో ఎక్కడా పాముల మాట లేదు, ఉత్త రథమే. పాములు క్రీ.పూ. 400 ప్రాంతపు దక్షిణ ఇటలీ కుండ మీద ఉన్నాయి, అది ఇప్పుడు క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. ఆ కుండ మీద రథం చుట్టూ సూర్యకిరణాల వలయం, పిల్లల శవాలు కింద బలిపీఠం మీద. కానీ నాటకంలో శవాలు ఆమె దగ్గరే ఉంటాయి.

వేపచెట్టు (10:05)
పాముల సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదండీ.

శిల్పరేఖ (10:07)
ఎత్తుతారు. అందుకే ముందే చెప్పాను.

వేపచెట్టు (10:24)
అసలు విషయానికి వస్తాను. మాస్టారూ, ఈ నాటకంలో ముడి ఏది? తప్పించుకుంటుందా లేదా అన్నది కాదు. పిల్లల్ని చంపుతుందా లేదా అన్నది. అది ఏ దేవుడూ రాకముందే, ఆమె ఒక్కర్తీ నిలబడి మాట్లాడే చోట తేలిపోయింది. పిల్లలు నవ్వుతూ చూస్తే "నావల్ల కాదు, నాతో తీసుకుపోతా" అంటుంది. మరుక్షణం "శత్రువులు నన్ను చూసి నవ్వాలా?" అంటుంది. మళ్ళీ కరుగుతుంది. వాళ్ళ చేతులు ముద్దు పెట్టుకుని, ఆ మెత్తని ఒళ్ళు, ఆ తియ్యని ఊపిరి అని తలుచుకుని, ఇక చూడలేక లోపలికి పొమ్మంటుంది. చేయబోయేది ఎంత చెడ్డదో తెలుసు, కానీ నా ఆలోచన కంటే నా కోపమే బలమైనది అని తనే చెప్తుంది. ఈ భాగంలో కొన్ని పాదాలు యూరిపిడిస్‌వి కావని కొందరు పండితులు బ్రాకెట్లో పెట్టారు. సరే, అవి తీసేసినా ఆమె ఊగిసలాట పోదు. కథ విడిపోయింది అక్కడ. రథం వచ్చేసరికి విడిపోవడానికి ముడి మిగల్లేదు.

ఇక రంగస్థలం లెక్క చూడండి. హత్యలు ప్రేక్షకుల కళ్ళముందు చేయించరు. లోపల అరుపు వినబడుతుంది, తర్వాత తలుపులు తెరుచుకుని చక్రాల బల్ల మీద శవాలు బయటికొస్తాయి. ఏథెన్స్ జనానికి అది అలవాటు. జేసన్ వచ్చి "గడియలు తీయండి, ఆ రెండు శవాల్నీ చూడాలి" అని నౌకర్ల మీద కేకలేస్తాడు. అందరి కళ్ళూ తలుపు మీద. అప్పుడు పైనుంచి గొంతు: తలుపులెందుకు ఊపుతున్నావు? ఎదురుచూపు ఒకచోట, జరిగింది ఇంకోచోట. పైగా అక్కడ మామూలుగా నిలబడేది దేవుళ్ళు. ఆ చోట ఒక ఆడమనిషి నిలబడి, దేవుళ్ళు చెప్పినట్టే పిల్లల్ని హేరా గుడిలో పూడుస్తానని, కోరింత్‌లో వాళ్ళ పేరిట పూజ పెడతానని, జేసన్ తన ఆర్గో ఓడ చెక్క నెత్తిన పడి చస్తాడని చెప్తుంది. చేతకాక యంత్రం వాడిన రచయిత పని ఇది కాదు.

పాతబస్తీ రైడర్ (10:30)
ఇది చదివాక నాటకం చూడబుద్ధవుతోంది. ఎక్కడైనా దొరుకుతుందా?

లెక్కలమాస్టారు (10:47)
బాగా రాశారు. కానీ స్టేజీ మీద ఝలక్ ఇవ్వడం వేరు, కథ నడపడం వేరు. కథే విషాద నాటకానికి ప్రాణం, పాత్ర రెండోది అని అరిస్టాటిల్ ఊరికే అనలేదు. మీరు పాత్రని చూసి మురిసిపోయి కథకి మార్కులు వేస్తున్నారు. వెంటాడటానికి కోరింత్ జనం వస్తున్నారు, రాజు చచ్చాడు. కారణకార్యాల ప్రకారం ఆమె దొరకాలి. దొరకదు. ఎందుకు? రచయితకి ఆమె మీద ముచ్చట. అంతే. నలుగుర్ని చంపిన ఆడది దర్జాగా ఎగిరిపోతుంటే జనం చప్పట్లు కొట్టాలి!

వేపచెట్టు (10:52)
"ఆడది" దర్జాగా ఎగిరిపోవడమా. ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీ బాధ యంత్రం గురించి కాదు, ఆమెకి శిక్ష పడలేదని. 'ఫిలొక్టెటిస్'లో హెరాక్లిస్ దిగితే మీరు ఇలాంటి దారం తెరిచేవారా?

లెక్కలమాస్టారు (10:58)
మాటలు నా నోట్లో పెట్టకండి. ఎవరు చేసినా శిక్ష శిక్షే.

వేపచెట్టు (11:16)
ఒట్టు తప్పిన జేసన్‌కి పడింది కదా, అది మీకు లెక్కలోకి రాలేదు. అతని మొదటి మాటలు గుర్తున్నాయా? పెద్దవాళ్ళ నిర్ణయానికి తలొగ్గి ఉంటే ఈ ఇల్లూ ఊరూ నీకే ఉండేవి, నీ నోటి దురుసువల్లే పోతున్నావు అంటాడు. వదిలేసిన మొగుడు నీతులు చెప్పడం! నాకు విడాకులైనప్పుడు ఇదే మాట రకరకాల గొంతుల్లో విన్నాను. కోర్టు వరండాలో కూర్చుంటే ముక్కూమొహం తెలియని పెద్దాయన కూడా "పిల్లల మొహం చూసైనా సర్దుకోవాల్సిందమ్మా" అన్నాడు. అవతలివాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నేనెవర్నీ చంపలేదు, పిల్లల్ని పెంచుకుంటున్నాను. కానీ ఒక్క నాటకంలోనైనా ఆమెని కిందకి దించి, నలుగురిలో నిలబెట్టి ముక్కు నేలకి రాయించకుండా వదిలిన రచయిత ఉన్నాడంటే నాకు ఆయన మీద గౌరవమే.

అర్ధరాత్రి చాయ్ (11:19)
కాస్త చల్లబడండి ఇద్దరూ.

లెక్కలమాస్టారు (11:44)
మీరు మీది చెప్పారు కాబట్టి నాదీ వినండి. మా అబ్బాయి కాపురం చెడింది. తప్పెవరిదో నేను తీర్పు చెప్పను, మావాడిదీ ఉంది. కోడలు పిల్లలిద్దర్నీ తీసుకుని వేరే దేశం వెళ్ళిపోయింది. ఫోన్ నంబర్ మారింది. మనవడికి ఇప్పుడు ఎంత ఎత్తు వచ్చిందో నాకు తెలియదు.

మీరు రథం దగ్గర ఆపేశారు. ఆ తర్వాత ఏముందో చదవండి. అంత పొగరున్న జేసన్ చివరికి ఒక్కటే అడుగుతాడు: దేవుళ్ళ సాక్షిగా, నా పిల్లల మెత్తని ఒంటిని ఒక్కసారి తాకనివ్వు. మీరు మెచ్చుకున్న ఆ తల్లి అదే మెత్తని ఒళ్ళు తలుచుకునే కదా ఏడ్చింది! ఆమెకి తెలుసు అతను ఏం అడుగుతున్నాడో. అయినా కుదరదంటుంది. రథం ఉంది కాబట్టే అనగలిగింది. నేల మీద ఉంటే ఇద్దరూ ఆ శవాల పక్కన కూలబడాల్సిందే. ఆ అవసరం లేకుండా చేసింది ఆ యంత్రం. నా అభ్యంతరం అదే. అరిస్టాటిల్ ఒక్క ముక్క రాయకపోయినా నేను ఇదే అంటాను.

పాతబస్తీ రైడర్ (11:50)
🙏

వేపచెట్టు (రాత్రి 12:10)
మీ మనవల సంగతి చదివి బాధేసింది, మాస్టారూ. నిజంగా. కానీ నాటకం విషయంలో తగ్గను. మీరు చెప్పిన ఆ ఘట్టం నాటకంలో ఉంది, మీకు కనిపించింది, నిద్ర పట్టనివ్వలేదు. అంటే యూరిపిడిస్ జేసన్‌కి అన్యాయం చేయలేదు. అతనికి దక్కాల్సిన జాలి మొత్తం ఇచ్చాడు, శవాలు మాత్రం ఇవ్వలేదు. రథాన్ని అంత ఎత్తులో పెట్టకపోతే ఆ చేయి అందకపోవడం మనకి కనబడేది కాదు. ఇంత ఘోరంగా ముగిస్తాడు కాబట్టే, ఎన్ని లోపాలున్నా అందరిలోకీ విషాదం బాగా పండించేది ఇతనేనని మీ అరిస్టాటిలే 13వ అధ్యాయంలో ఒప్పుకున్నాడు.

మీరు కోరుకున్న ముగింపు కూడా ఒకటుంది. తర్వాత కొన్ని వందల ఏళ్ళకి రోమ్‌లో సెనెకా ఇదే కథ మళ్ళీ రాశాడు. అందులో ఆమె పిల్లల శవాల్ని తండ్రికి ఇచ్చేస్తుంది. పైనుంచి కిందికి పడేసి, నీ పిల్లల్ని నువ్వే తీసుకో అంటుంది. అది చదివి మీకు ఊరట దొరికిందేమో చెప్పండి.

లెక్కలమాస్టారు (12:21)
రోమన్ నాటకాలు ఈ చర్చలో లేవు. పేచీ యూరిపిడిస్ గురించి. అయినా పడేయడాన్ని ఇవ్వడం అనరు.

శిల్పరేఖ (12:26)
సెనెకాలో మాత్రం పాములు ఉన్నాయి. రెండు. కాడికి కట్టి మరీ.